వైరు బిగించిన చెయ్యి

"వైరు కూడ నేనే బిగించిన. ఇంకెన్ని సార్లు చెప్పాలె మేడం?" అన్నాడు మాసయ్య.

స్టేషన్ వెనక వరండాలో బెంచీ మీద ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు. మూడు రోజులుగా పొద్దున్నే పిలిపించి, చీకటి పడ్డాక ఇంటికి పంపిస్తున్నారు. ఇవాళ మాత్రం పంపించరు. సాయంత్రానికల్లా అరెస్టు చూపిస్తామని సీఐ రామచంద్రరావు యశోదమ్మకు ముందే చెప్పేశాడు.

యశోదమ్మ అతని ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. పోలీసు శాఖలో ఏఎస్ఐగా రిటైరై, చిక్కడపల్లిలో ఒక మేడ మీది గదిలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. భర్త పోయి నాలుగు నెలలు. ఆ రోజు నుంచి ఆమె మనసుకు ఏదీ తగలడం లేదు. ఏడుపు రాలేదు, ఆకలి తెలియలేదు, నిద్ర పట్టినా పట్టకపోయినా ఒకటే. పని ఒక్కటే చేతులకు అలవాటుగా నడుస్తోంది. నిన్న మాసయ్య భార్య మంగ వచ్చి, "మా ఆయన ఆ పిల్లను సంపలే" అన్నప్పుడు కూడా జాలి కలగలేదు. ఆ మాట నిజమో అబద్ధమో చూద్దామనిపించింది, అంతే.

కేసు చూడ్డానికి చాలా చిన్నది. అశోక్‌నగర్‌లో వీరరాఘవరావు నడిపే ఆడపిల్లల హాస్టల్. రెండో అంతస్తు బాత్రూంలో షవర్ గీజరు చెడిపోతే సోమవారం సాయంత్రం మాసయ్య కొత్తది పెట్టాడు. మంగళవారం పొద్దున గ్రూప్స్‌కి చదువుకుంటున్న సంధ్య అనే అమ్మాయి అదే షవరు కింద కరెంటు తగిలి చనిపోయింది. నల్లా పనివాడు తనకు రాని కరెంటు పని చేశాడు, పిల్ల ప్రాణం పోయింది. పేపరువాళ్లు కూడా అదే రాశారు.

"నువ్వు ప్లంబర్‌వి గద మాసయ్యా. వైరు ఎందుకు ముట్టినవ్?"

"గీజరు మార్చుడంటే సగం నీళ్లు, సగం కరెంటు మేడం. పైపు బిగించి, ఇగ కరెంటాయనను పిలువుండ్రి సార్ అంటే, నీకు రాదా అంటరు. రాదంటే మల్ల ఆ ఇంటికి పిలుపు రాదు. అందరు చేస్తున్నరు. నేను చేసిన."

"ఏ వైరు దేనికి కలిపినవ్?"

"ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. పచ్చది..." కొద్దిగా ఆగాడు. "పచ్చది పచ్చదానికే."

బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. యశోదమ్మ కళ్లద్దాలు తీసి చూసుకుంది. పొద్దుట్నుంచి వదులుగా ఉన్న మర ఊడి బెంచీ మీద పడింది.

"జర తీసియ్యి."

మాసయ్య వంగి మరను పట్టుకోబోయాడు. వేళ్లు దాని మీదే ఉన్నా అది చేతికి రాలేదు. గోటితో గీకాడు, జారిపోయింది. ఆఖరికి ఒక అరచేతితో బెంచీ అంచు దాకా నెట్టి, రెండో అరచేతిలో పడేలా చేసి అందించాడు.

"వేళ్లకేమైంది?"

"ఏండ్ల సంది గంతే. మొద్దుబారినయి. పానా పట్టుకుంటే తెలుస్తది, సన్నటివి తెల్వయి." అనేసి, ఏదో గుర్తొచ్చినట్టు రెండు చేతులూ మోకాళ్ల మధ్య దాచుకున్నాడు.

యశోదమ్మ మరను రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుని లేచింది.

* * *

హాస్టల్ రెండో అంతస్తులో ఆమెకు తోడు వచ్చింది అనిత. సంధ్యతో ఒకే గదిలో ఉండేది. నిద్ర లేని కళ్లు, పిన్ను కూడా పెట్టని చున్నీ. తెరిచి ఉన్న బాత్రూం ముందు నిలబడిందే కానీ లోపలికి రాలేదు.

గీజరు గోడకే ఉంది. యశోదమ్మ స్టూలెక్కి కింద మూత విప్పింది. లోపల మూడు వైర్లు. ఒక్కో వైరు కొసకూ చిన్న రాగి తొడుగు వేసి, నొక్కి, మర కింద సమంగా కూర్చోబెట్టారు. ఒక్క పోగు కూడా బయటికి లేదు. పైన నల్ల టేపు మూడు చుట్లు, మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడ్డాయి. పాతికేళ్ల ఉద్యోగంలో షార్ట్ సర్క్యూట్ కేసులు ఎన్నో చూసిందామె. మంచి పని చూస్తే తెలుస్తుంది. బెంచీ మీది మరను పట్టుకోలేని వేళ్లు చేసిన పని కాదది.

"సోమవారం రాత్రి ఏమైంది అనితా? అన్నీ చెప్పు. చిన్నదని వదలకు."

"గీజరు వేస్తే బయట డబ్బాల స్విచ్చు టక్కుమని పడిపోయింది మేడం. లేపితే మల్ల పడ్డది. అందరం లొల్లి పెట్టినం, చల్లనీళ్లు పోసుకోలేమని. అనిల్... లేదు, నేనే సార్‌కు ఫోన్ చేసిన. పొద్దుగాల చూపిస్త అన్నడు."

"అనిల్ ఎవరు?"

"మా తమ్ముడు. ముందు వానికే చేద్దామనుకున్న." గొంతులో ఏ మార్పూ లేదు. "పొద్దున లేచి చూస్తే పడలేదు. నీళ్లు మంచిగ కాగినయి. సంధ్యకు ఆ రోజు కోచింగుల పరీక్ష. నీళ్లు వేడిగున్నయి, ముందు నువ్వు పో అని నేనే అన్న."

ఆ చివరి మాటను ఆమె ఈ మూడు రోజుల్లో చాలామందికి చెప్పి ఉంటుంది. అరిగిపోయిన మాటలా వచ్చింది. యశోదమ్మకు ఆ గొంతు తెలుసు. తన గొంతు కూడా ఇప్పుడు అలాగే ఉంటోంది.

"మధ్యల ఎవరన్న వచ్చిండ్రా?"

"నిద్రల మెట్ల మీద చెప్పుల చప్పుడు విన్న. మనిషిని చూడలేదు."

వరండాలో గోడకు ఇనప డబ్బా ఉంది. తలుపు తెరిచింది. పట్టీ మీద స్విచ్చులు వరసగా, వాటి మధ్య రెండు వేళ్ల వెడల్పు ఖాళీ. చుట్టూ ఏళ్ల దుమ్ము. ఆ ఖాళీ చోట మాత్రం తుడిచినట్టు శుభ్రం. అక్కడ తెగిన వైర్లను నేరుగా మెలేసి కలిపి నీలం టేపు చుట్టారు. టేపు కొస ఇంకా జిగటగా వేలికి అంటింది.

"మేడం, మీరు రిటైరయిన్రు. మీకు ఇదంత ఎందుకు?"

రామచంద్రరావు మెట్లెక్కి వచ్చాడు. ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు ఆమె దగ్గరే పంచనామా రాయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు సీఐ. చేతిలో టోపీ, మొహంలో విసుగు.

"ఇక్కడ ఒక వస్తువు ఉండె సార్. తీసేసిండ్రు. చూడుండ్రి, దుమ్ము లేదు."

"దుమ్ము లేదని కోర్టుల నిలబడుతదా? మనిషి ఒప్పుకుండు. లైసెన్సు లేదు, రాని పని చేసిండు. నల్లా పనోడు కరెంటు ముట్టుడే తప్పు. తప్పంటరా కాదంటరా?"

"తప్పే."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

"మీ ఇంట్ల గీజరు ఎవరు పెట్టిండ్రు సార్?" అంది యశోదమ్మ.

రామచంద్రరావు టోపీని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "నల్లా పనోడే. అందుకే అంటున్న. ఒక్క కేసు గట్టిగ పడితే ఇంకోడు ముట్టడు."

"పిలిచినోడు మారకుంటే ముట్టినోడు మారడు. ఒక్క మనిషితోని రెండు పనులు చేయించుకుంటం, ఏమన్న అయితే నీకెవరు ముట్టమన్నరు అంటం."

"ఉపన్యాసం వద్దు మేడం. పిల్ల తల్లిదండ్రులు స్టేషన్ బయట కూర్చున్నరు. వాళ్లకు నేను ఏం చెప్పాలె? దుమ్ము చూస్తున్నమని చెప్పాలెనా?"

అతని మాటలోనూ న్యాయం ఉంది. అది ఆమెకు తెలుసు. "సాయంత్రం దాకా ఆగుండ్రి. గంతే అడుగుతున్న."

"ఆరింటికి సంతకం తీసుకుంట. ఆ తర్వాత మీరు ఏం తెచ్చినా కోర్టుల ఇచ్చుకోండి." డబ్బా తలుపును మోచేత్తో మూసి అతను దిగిపోయాడు.

* * *

మంగ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. యశోదమ్మ తాళం తీసి లోపలికి పిలిచింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గీజరు వైరు నువ్వే బిగించినవ్ గద?"

మంగ ఆమె వైపు చూసింది. ఉలిక్కిపడలేదు. ఎప్పుడో ఒకసారి ఈ మాట వస్తుందని తెలిసిన మనిషిలా మెల్లగా నేల మీద కూర్చుంది.

"ఆయన చెప్పిండా?"

"ఆయన చెప్పలే. ఆయన వేళ్లు చెప్పినయి."

"పాలమూరుల ఐటీఐ చేసిన," అంది మంగ. "ఎలక్ట్రీషియన్. క్లాసుల నేనొక్కదాన్నే ఆడిపిల్లను. పెండ్లయి పట్నమొచ్చినంక పనికోసం తిరిగిన. ఆడిమనిషి కరెంటు పని చేస్తదా అని నవ్విండ్రు. లైసెన్సు సంగతి కూడ అట్లనే పోయింది. ఇగ ఆయనతోనే పోతున్న. ఆయన పైపు బిగిస్తడు, నేను వైరు బిగిస్త. సంచి మోసేదాన్ననుకుంటరు. ఇంటాయన చూడనీకె వచ్చేసరికి టెస్టర్ ఆయన జేబుల ఉంటది."

"మరి నేరం ఆయన ఎందుకు మీదేసుకుండు?"

"పోరగాళ్లిద్దరు ఉన్నరు. ఇద్దరిల ఒక్కరు బయట ఉండాలె గద. నన్ను నోరు తెరువొద్దన్నడు. ఒట్టేయించుకుండు." కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉంది. "నేను మీ దగ్గరికి వచ్చింది కూడ ఆయనకు తెల్వదు."

"ఆ రోజు ఏం చేసినవో చెప్పు."

"ముందుగాల ఎర్తింగు చూసిన. సచ్చి ఉంది. పచ్చ వైరు గోడలకు పోతది గని భూమిలకు పోతలేదు. కరెంటు లీకయితే పోనీకె తొవ్వ లేదు. ఆయనతోని సార్‌కు చెప్పించిన. ఇన్నేండ్లు ఏం కాలే, గీజరు పెట్టి పోండ్రి అన్నడు. మనసొప్పలే అమ్మా. ఆయన మిద్దె మీద ట్యాంకు కాడ ఉన్నప్పుడు, మా సంచిల ఒక పాత ట్రిప్పర్ ఉంటే బయట డబ్బాల బిగించిన. ఏడన్న కొంచెం లీకయినా అది పడిపోతది, కరెంటు బంద్ అయితది. పాతదే గని చెక్ చేసిన. మంచిగనే పడ్డది."

అక్కడ ఆగింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు ఇంకా చదునుగా ఉంది.

"అసలు టైముకు పడలే. పిల్ల సచ్చిపోయింది. ఆయన కాదు అమ్మా. నేను పెట్టిన పాత సామాను సంపింది. మూడు దినాల సంది అన్నం ముద్ద నోట్ల పెట్టుకుంటే మన్ను లెక్క ఉంది. ఏడుపొస్తలేదు."

యశోదమ్మ కుర్చీలోంచి లేచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అది పడ్డది మంగా."

"ఏంది?"

"నీ ట్రిప్పర్ పడ్డది. సోమవారం రాత్రి లేపినకొద్ది పడ్డది, ఏడనో లీకు ఉన్నట్టే. నీళ్లు కాగుతలేవని పిల్లలు లొల్లి పెట్టిండ్రు. తెల్లారేసరికి ఎవరో దాన్ని తీసేసి వైర్లు నేరుగ కలిపిండ్రు. సంధ్య స్నానానికి పోయినప్పుడు ఆ డబ్బాల నీ ట్రిప్పర్ లేదు."

కింద రోడ్డు మీద ఆటో ఒకటి ఆగి, ఎవరినో దింపి, వెళ్లిపోయింది.

"పడ్డదా?" అంది మంగ.

"పడ్డది."

ఆమె రెండు అరచేతులూ నేలకు ఆనించి తల వంచుకుంది. యశోదమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం వణుకుతోందని చేతికి తెలిసింది, అంతకు మించి లోపలికి ఏమీ వెళ్లలేదు. అయినా చెయ్యి తియ్యలేదు.

"చూస్తే నీ సామాను గుర్తు పడతవా?" అని అడిగింది కాసేపాగి.

"పడత. చెక్ చేసినవాటి పక్కన గోళ్లరంగు చుక్క పెడత. గులాబి రంగు."

"నేను చూసొస్త. ఇక్కడనే ఉండు."

"ఉండ," అంది మంగ. కళ్లు తుడుచుకోకుండానే లేచింది. "స్టేషన్‌కు పోత. వైరు నేను బిగించిన అని చెప్త. ఒట్టు ఉంటే ఉండనీ."

"నిన్ను కూడ కూర్చోబెడతరు."

"తెలుసమ్మా."

యశోదమ్మ ఆపలేదు. ఆ ట్రిప్పర్ ఎక్కడ దొరికినా, దాన్ని పెట్టిన మనిషి నోరు తెరవకపోతే అది ఉత్త ప్లాస్టిక్ ముక్కే.

* * *

పనికొచ్చే వస్తువును ఎవరూ చెత్తకుప్పలో పారెయ్యరు. వీరరాఘవరావు హాస్టల్ పైనే, నాలుగో అంతస్తులో కాపురం ఉంటాడు. తలుపు తీసింది ఆయన భార్య అనసూయమ్మ. ఇంటికి ఎవరైనా వస్తే సంతోషపడే రకం. కింద జరిగిన దానికి ఆమె నిజంగానే బాధపడుతోంది.

"మా ఆయన బయటికి పోయిండు. కూర్చోండి. ఆ పిల్ల పండక్కి మా ఇంట్ల భోజనం చేసింది తెలుసా."

"చేతులు కడుక్కుంట అమ్మా."

బాత్రూం బయట గోడకు కొత్త ప్లాస్టిక్ డబ్బా. యశోదమ్మ మూత ఎత్తింది. లోపల ట్రిప్పర్. పసుపుపచ్చగా మారిన పాత ప్లాస్టిక్, పక్కన గులాబీ రంగు చుక్క. వైర్లకు నీలం టేపు. ఫోనుతో రెండు ఫొటోలు తీసింది.

"ఇది మంచిగ పెట్టించుకున్నరు," అంది, మామూలుగా.

"అయ్యో, నెల సంది మొత్తుకుంటున్న. నల్లా ముట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమంటుండె. మంగళవారం పొద్దుగాల శ్రీశైలం అని మా కరెంటాయన వచ్చి పెట్టిండు. ఇగ భయం లేదు, ఏమన్న అయితే ఇదే బంద్ అయితదని మా ఆయన అన్నడు."

"పొద్దుగాలంటే, కింద ఆ గడబిడ అయినంకనా?"

"లేదు లేదు. నేను దేవుని కాడ దీపం పెడుతున్న. పిల్లలు ఇంక లేవలే."

యశోదమ్మ డబ్బా మూత వేసింది. దాని పని ఏమిటో వీరరాఘవరావుకు తెలుసు. తెలిసే కింద తీయించాడు, తెలిసే పైన పెట్టించాడు. ఆమె ఫొటోలు రామచంద్రరావుకు పంపింది. నిమిషంలో ఫోను మోగింది.

"మేడం, ఆ మాసయ్య భార్య వచ్చి వైరు తానే బిగించినంటుంది. గోళ్లరంగు అంటుంది. ఇదేనా?"

"ఇదే. ఓనరు ఇంట్ల ఉంది. సంతకం ఆపి మీరు రండి. శ్రీశైలం అనే కరెంటాయన కావాలె, తీసిందీ పెట్టిందీ అతనే."

"వస్తున్న," అన్నాడు రామచంద్రరావు. ఈసారి గొంతులో విసుగు లేదు.

అనసూయమ్మ మంచినీళ్ల గ్లాసుతో వచ్చింది. "శ్రీశైలం మీకు తెలుసా? కనిపిస్తే జర ఒక మాట చెప్పండి, ఫోను ఇక్కడనే మరిచిపోయిండు."

"ఎప్పుడు?"

"ఆ రోజే. పని చేసి పోయిండు. కింద అట్లయినంక మల్ల ఉరికొచ్చిండు. మొహంల నెత్తురు చుక్క లేదు. మా ఆయన, అతను లోపల తలుపేసుకుని గట్టిగ మాట్లాడుకున్నరు. తర్వాత ఇద్దరు కలిసి మా ఆయన బండి మీద పోయిండ్రు. ఫోను సోఫాల పడిపోయినట్టుంది. నాకు సాయంత్రం దొరికింది."

"మీ ఆయనకు చెప్పిండ్రా?"

"ఆయనకు ఏ మాట చెప్పేటట్టుంది ఈ మూడు దినాలు? నేనే చార్జింగు పెడుతున్న. పాపం వాళ్లింటోళ్లు ఫోన్ చేస్తనే ఉన్నరు. పరాయోళ్ల ఫోను ఎత్తితే బాగుండదని ఎత్తుతలేను." వంటింటి అలమర్లోంచి తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది. పగిలిన అద్దం. తెర నిండా ఎత్తని పిలుపులు.

మూడు రోజులు తన ఫోను కోసం రాని మనిషి, ఆ బండెక్కాక ఇంటికి కూడా చేరని మనిషి. యశోదమ్మ ఆ ఫోనును పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కింది నుంచి మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. బూట్లు కావు, చెప్పులు. సీఐ ఇంత తొందరగా రాలేడు.

చేతిలో ఫోను మోగింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. ఆమె ఎత్తి చెవికి ఆనించుకుంది.

"ఏడున్నవ్‌ర కొడుకా?" అంది ఒక ముసలి గొంతు. "పొద్దుందాక, రాత్రిదాక చేస్తున్న. తిన్నవా? ఒక్క మాట మాట్లాడు."

వీరరాఘవరావు గుమ్మంలో ఆగాడు. ముందు భార్యను, తర్వాత యశోదమ్మ చెవి దగ్గరున్న ఫోనును చూశాడు. ఆ పగిలిన అద్దాన్ని గుర్తుపట్టాడు. కళ్లు తిప్పకుండానే వెనక్కి చెయ్యి చాచి తలుపు మూశాడు, గడియ పెట్టాడు.

యశోదమ్మకు భయం వెయ్యలేదు. అవతలి ముసలామె జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.